తువ్వాలు వేసిన గేటు ముందు షూటింగు

మా చెల్లెలి కూతురు రాయపూర్‌లో ఒక టీవీ ఛానెల్లో ఇంటర్నుగా చేరింది. నీలం పట్టీకి వేలాడే కార్డు మెడలో వేసుకుని, ఆ కార్డు బాగా కనబడేలా పట్టుకుని తీయించుకున్న ఫోటో ముందు పంపింది. వారం తిరక్కుండా ఫోను చేసి, పెద్దమ్మా, పొద్దున్నుంచి నిలబెట్టే ఉంచారు, కాళ్ళు లాగేస్తున్నాయి, పని నేర్పుతారనుకుంటే చాయ్‌లు తెప్పిస్తున్నారు అని సగం హిందీలో సగం తెలుగులో ఏకరువు పెట్టింది. అయ్యో పాపం అనాల్సింది పోయి నేను పకపకా నవ్వేసరికి దానికి ఒళ్ళు మండి ఫోను పెట్టేసింది. దాని కోపం సాయంత్రానికల్లా దిగిపోతుంది, దాని సంగతి నాకు తెలుసు. కానీ ఆ పూటంతా నాకు మాత్రం వంట మీద మనసు నిలవలేదు. భిలాయి సుపేలాలో ఒక బట్టల కొట్టు మేడ మీదా, మా క్వార్టర్ల వీధిలోనూ నేను గడిపిన ఒక పొడుగాటి రోజు కళ్ళ ముందు తిరుగుతూనే ఉంది.

మా రోజుల్లో ఇంటర్ను అనే మాట లేదు, కార్డూ లేదు. భిలాయిలో ఇంటింటికీ కేబులు తీగలు కొత్తగా వేలాడుతున్న రోజులవి. పెద్ద పెద్ద ఛానెళ్ళ మధ్యన ఊరి కేబులువాళ్ళే సొంతంగా ఒక ఛానెలు నడుపుతూ, పొద్దున్న భజనలూ, సాయంత్రం ఊరి కబుర్లూ, మధ్య మధ్య చీరల దుకాణాల ప్రకటనలూ వేసేవారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దుర్గ్ కాలేజీలో డిగ్రీ పరీక్షలు రాసేసి, ఫలితాలు వచ్చేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, నాన్నను బతిమాలి బామాలి నేను ఆ ఛానెల్లో చేరాను. బి.ఎడ్. చదివి టీచరమ్మనవుతానని నాన్న ఆశ. ఫలితాలు వచ్చేదాకానే అన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఛానెల్లో నా హోదా ఏమిటో నాకే కాదు, వాళ్ళకీ తెలియదు. ప్రొడ్యూసరు గారు మొదటి వారం నన్ను ఏ లడ్కీ అని పిలిచేవారు, రెండో వారానికి బేటా అన్నారు. అదే నాకు ప్రమోషను.

పని అంటే ఏదైనా పనే. క్యాసెట్ల మీద పేర్లు రాసి అంటించడం, పాము చుట్టల్లా పడి ఉన్న వైర్లను మోచేతికి చుట్టి కట్టడం, ఎండను మొహం మీదకి తిప్పడానికి థర్మోకోల్ అట్ట పట్టుకుని చేతులు పడిపోయేలా నిలబడడం. కెమెరా భయ్యా అని ఒకాయన ఉండేవాడు, మాటలు తక్కువ మనిషి. షూటింగుకి బయల్దేరే ముందు కాలరుకి తగిలించే చిన్న మైకు నా చేతికిచ్చి, తాను చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని, గుసగుసగా ఏదైనా మాట్లాడమనేవాడు. నేను గోడ వైపు తిరిగి మా అమ్మ వండిన కూర పేరో, బస్సులో చూసిన తగువో గొణిగితే, అదంతా విని బొటనవేలు ఎత్తి చూపేవాడు. మైకు పరీక్ష అలా చేసేవాళ్ళం. గట్టిగా అరిస్తే ఏ మైకైనా పట్టుకుంటుంది, గొణిగితే పట్టుకోవాలి అనేవాడు.

వారానికో వీధికి వెళ్ళి అక్కడి ఆడవాళ్ళ చేత పాటలు పాడించి, ఆటలు ఆడించి, ఆ సాయంత్రమే వేసే కార్యక్రమం ఒకటి ఉండేది. ఊళ్ళో దానికి మంచి గిరాకీ. తమ పొరుగింటావిడ టీవీలో కనబడితే చూడని వాళ్ళెవరు? ఒక రోజు ప్రొడ్యూసరు గారు పాన్ నములుతూ, ఈసారి వీధి నువ్వే వెతుకు, మనుషుల్ని నువ్వే కూర్చు, కార్యక్రమం నిలబడితే నువ్వు మా మనిషివి, లేకపోతే మీ నాన్న చెప్పినట్టు పిల్లలకి ఎక్కాలు చెప్పుకో అన్నారు. నేను ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోకుండా మా వీధి పేరు చెప్పేశాను. ఎందుకంటే మా వీధిలో పిన్ని ఉంది.

పిన్ని అంటే మాకు చుట్టం కాదు, పక్క క్వార్టరు. వాళ్ళదీ మాలాగే శ్రీకాకుళం వైపే, కాబట్టి వరసలు కలిపేసుకున్నాం. ఆవిడ భర్త బాబాయి భిలాయి ఉక్కు ప్లాంటులో, ఉక్కు కరిగించే విభాగంలో క్రేను ఆపరేటరు, దాన్ని అక్కడ షాపు అంటారు. కుతకుతలాడే ఉక్కు నిండిన పాత్రను పైన క్రేనుతో ఎత్తి, కింద పనివాళ్ళు తిరుగుతుండగా ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం ఆయన పని. పిన్ని గొంతు సంగతి నేను ఎంత చెప్పినా తక్కువే. అంట్లు తోముతూ ఆవిడ ఒక కూనిరాగం తీస్తే, నేను పుస్తకం మూసేసి గోడకి చెవి ఆనించి కూర్చునేదాన్ని. అయితే ఆ గొంతు మాకు రోజూ దొరికేది కాదు. బాబాయి ఫస్టు షిఫ్టు వారం అయితే పొద్దున్న పూట, సెకండు షిఫ్టు అయితే సాయంత్రం పూట పాడేది. నైటు షిఫ్టు వారం అసలు వినపడేదే కాదు. ఆయన ఇంట్లో ఉన్నాడంటే ఆవిడ పెదవి విప్పేది కాదు.

దానికి కారణం చెప్పాలంటే మా వీధి గురించి చెప్పాలి. ప్లాంటు ఊళ్ళో పుట్టిపెరిగిన వాళ్ళకి ఇది కొత్త కాదు, మిగతావాళ్ళు నమ్ముతారో లేదో. నైటు చేసి వచ్చిన మనిషి పడుకోగానే ఆ ఇంటి ఇల్లాలు గేటు మీద ఒక తువ్వాలు వేసేది. తువ్వాలు కనబడితే వీధి వీధంతా నోరు కట్టేసుకునేది. కూరలమ్మే ఆవిడ కేక వెయ్యకుండా గుమ్మం దాకా వచ్చి చెయ్యి ఊపేది. కుక్కరు కూత వేసే లోపలే గరిటతో దాని నెత్తి మీది బరువు ఎత్తేసేవారు. రోకలి దంపుళ్ళు మానేసి కారం అంగడిలో కొనుక్కునేవారు. పిల్లలం మేము కబడ్డీ ఆడితే కూత ఉండేది కాదు, పెదవులు మాత్రం కదిలేవి, ఊపిరి విడిచాడా లేదా అన్న విషయం మీద తగువు కూడా సైగలతోనే పడేవాళ్ళం. సెలవులకి ఊరికి వెళ్తే మా మేనత్తలు, ఈ పిల్లలు ఎప్పుడూ చెవులు కొరుక్కుంటారేమిటే, ఏం రహస్యాలే తల్లీ అని వేళాకోళం చేసేవారు.

అందుకే నేను చాలా తెలివిగా బాబాయి ఫస్టు షిఫ్టు వారం చూసుకుని, ఆయన ఇంట్లో లేని పూటే షూటింగు పెట్టించాను. పిన్ని ఆ మాట విన్న దగ్గర్నుంచీ కాలు నిలవకుండా తిరిగింది. పెళ్ళయి వచ్చాక నలుగురి ముందూ పాడలేదని, స్కూల్లో ఒకసారి పాడితే హెడ్ మాస్టారు లేచి నిలబడ్డారని నాకు చెబుతుంటే ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. ఆకుపచ్చ చీర ఇస్త్రీ చేయించుకుంది. గొంతు బొంగురుపోతుందని పచ్చడి మానేసింది. మా అమ్మైతే, టీవీవాళ్ళు రాకముందే ఇది నీరసించి పడిపోయేలా ఉంది అని నవ్వింది.

ఆ రోజు తెల్లవారుతూనే సుపేలా వెళ్ళి, మేడ మీది మా ఛానెలు గది తాళం తీయించి, సామానంతా ఆటోలోకి ఎక్కించి, వైర్ల చుట్ట ఒళ్ళో పెట్టుకుని, ప్రొడ్యూసరు గారి పక్కన ఇరుక్కుని మా వీధి మలుపు తిరిగాను. వీధి చివర షామియానా కింద ఆడవాళ్ళంతా పట్టుచీరల్లో బొమ్మల కొలువులా కూర్చుని ఉన్నారు. ఒక్కళ్ళు కూడా మాట్లాడడం లేదు. పిన్ని వాళ్ళ గేటు వైపు చూశాను. ఎర్ర తువ్వాలు వేసి ఉంది.

అమ్మ నా చెవిలో చెప్పిన సంగతేమిటంటే, తోటి ఆపరేటరు ఎవరికో ఇంట్లో ఒంట్లో బాగాలేదని కబురొస్తే, బాబాయి ఆయనతో డ్యూటీ మార్చుకుని, రాత్రి ఆయన బదులు నైటు చేసి వచ్చాడు. తన ఫస్టు షిఫ్టుకి బదులు మళ్ళీ మధ్యాహ్నం సెకండు షిఫ్టుకి వెళ్ళాలి. ఈ మధ్యలో ఉన్న కాసిని గంటలే ఆయన నిద్ర. షూటింగు మధ్యాహ్నానికి జరుపుదామంటే వీల్లేదు, ఎందుకంటే ఛానెలుకున్న ఒకే ఒక్క కెమెరా మధ్యాహ్నం దుర్గ్‌లో ఒక పెళ్ళికి వెళ్ళాలి. ఇంకో రోజుకి మార్చుదామంటే సాయంత్రం వెయ్యడానికి ఛానెల్లో వేరే కార్యక్రమం లేదు.

ఇదంతా నేను గుసగుసగా చెబుతుంటే ప్రొడ్యూసరు గారు సహజంగానే అరిచారు. “ఏక్ ఆద్మీ సో రహా హై తో పూరా మొహల్లా గూంగా హో గయా క్యా?” ఒక్క మనిషి పడుకుంటే వీధంతా మూగదైపోయిందా అని. అన్నారో లేదో, షామియానా కింద కూర్చున్న వాళ్ళందరూ ఒక్కసారిగా వేలు నోటి మీద పెట్టుకుని ఆయన వైపు చూశారు. అంతమంది ఆడవాళ్ళు ఒకేసారి కళ్ళురిమితే మగవాడెవడైనా తగ్గాల్సిందే. ఆయన గొంతు తగ్గించి, సరే, లేపండి, కాసేపాగి మళ్ళీ పడుకుంటాడు, లేదంటే పక్క వీధికి పదండి, పాట ఎవరు పాడితే ఏం అన్నారు. మా అమ్మ నన్ను పక్కకి లాగింది.

“నిద్దర సాలని మనిషిని ఆ క్రేనెక్కిస్తామేటే? కింద మనుసులుంటారే” అంది.

అమ్మ చెప్పక్కర్లేదు, నాకూ తెలుసు. లేపడం అనేది మా వీధిలో ఎవరి బుర్రకీ తట్టని పని. ఇక మిగిలింది పక్క వీధి. అక్కడికి వెళ్తే సందడికి లోటు లేదు, నా ఉద్యోగమూ నిలబడుతుంది. ప్రొడ్యూసరు గారు అప్పటికే వైర్లు మళ్ళీ చుట్టమని సైగ చేస్తున్నారు. అంతలో పిన్ని వాళ్ళింటి తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుంది. ఆకుపచ్చ చీరలో, తల్లో కనకాంబరాలతో, చెప్పులు చేత పట్టుకుని పిల్లి నడకన వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“పక్క ఈదికెల్లిపోండే. నాను పాడకపోతే ఏటైపోద్ది?” అంది.

మాట అంటోంది గానీ కళ్ళు నన్ను చూడడం లేదు, కెమెరాని చూస్తున్నాయి. ఆ చూపు చూశాక నాకు పక్క వీధికి కాళ్ళు ఆడలేదు. ప్రొడ్యూసరు గారి దగ్గరికి వెళ్ళి, నాకే తెలియని ధైర్యంతో, సార్, కాలరు మైకు గొణిగినా పట్టుకుంటుంది కదా, అందరి చేతా గొణిగిద్దాం, ఒక్క అరగంట ఇవ్వండి, కుదరకపోతే పక్క వీధికి నేనే సామాను మోస్తాను అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, కెమెరా భయ్యా వైపు తిరిగారు. మాటలు తక్కువ మనిషని చెప్పాను కదా, ఆయన కెమెరా స్టాండు కాళ్ళు ఒక్కొక్కటే చప్పుడు కాకుండా విప్పడం మొదలుపెట్టాడు.

అలాంటి షూటింగు ఈ భూమ్మీద ఇంకెక్కడా జరిగి ఉండదు. మ్యూజికల్ చెయిర్ అన్నారు, మ్యూజిక్కు లేదు. మా అమ్మ చేతిరుమాలు ఊపుతున్నంతసేపు తిరగడం, దించితే కూర్చోవడం. కుర్చీ కాళ్ళకి గుడ్డలు చుట్టారు. ఎదురింటి పంజాబీ ఆంటీ ఒళ్ళున్న మనిషి, ఖాళీ కుర్చీ అనుకుని మా అమ్మమ్మ వయసున్న ఒకావిడ ఒళ్ళో కూర్చుండిపోతే, అందరూ నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారుతూ, ఒకరి మీద ఒకరు పడుతూ, చప్పుడు మాత్రం లేకుండా కదిలిపోయారు. చప్పట్లకి బదులు కొంగులు ఊపారు. ప్రొడ్యూసరు గారు మొదట తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు, కాసేపటికి ఆయన భుజాలు కూడా కదులుతున్నాయి.

చివరికి పిన్ని వంతు వచ్చింది. వారం రోజులుగా సాధన చేసిన పాట సభల్లో పాడే పాట, పైస్థాయికి వెళ్ళేది. అది గొణిగితే పాటలా ఉండదు. ఆవిడ దాన్ని వదిలేసి, వాళ్ళ నానమ్మ తిరగలి దగ్గర పాడుకునే పాట అందుకుంది. మీకు తెలియంది కాదు, తెల్లారకముందే లేచి, పిల్లలూ మగవాళ్ళూ నిద్రలో ఉండగా, వాళ్ళని లేపకుండా ఆడవాళ్ళు పిండి విసురుకుంటూ పాడుకున్న పాటలవి. మైకు ఆవిడ జాకెట్టు అంచుకి ఉంది. నోట్లోంచి గాలి తప్ప ఏమీ వస్తున్నట్టు లేదు, పక్కన కూర్చున్న మా అమ్మకి కూడా వినపడలేదట. ప్రొడ్యూసరు గారు హెడ్‌ఫోను పెట్టుకుని ఉన్నారు. ఉన్నట్టుండి ఆయన పాన్ నమలడం ఆపేశారు. హెడ్‌ఫోను ఒక చెవి నుంచి తీసి, వంగి, ఆ వైపు నా చెవికి ఆనించారు.

ఆ గొంతు నేను గోడ అవతలి నుంచి ఎన్నోసార్లు విన్నాను. కానీ ఇది వేరు. ఊపిరి పీల్చుకోవడం దగ్గర్నుంచి వినబడుతోంది. ఆ పాటలో ఏముందని అడిగితే ఏమీ లేదు, గింజలూ పిండీ పుట్టిల్లూ, అంతే. నాకు మాత్రం ఏడుపు వచ్చింది. సగం పాటలో ఉండగా వాళ్ళింట్లోంచి బాబాయి దగ్గు వినిపించింది. పిన్ని పదం మధ్యలోనే ఆగిపోయింది. నోరు తెరిచినది తెరిచినట్టే ఉంది. షామియానా కింద ఒక్కరు కూడా కదల్లేదు. లోపల ఇంకో చప్పుడు రాలేదు. ఎంతసేపో అలా చూసి, ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే అందుకుని పిన్ని పాట పూర్తి చేసింది. కొంగులన్నీ గాల్లోకి లేచాయి.

అక్కడితో నా రోజు సగమే అయింది. కెమెరాని పెళ్ళికి పంపి, నేనూ ప్రొడ్యూసరు గారూ సుపేలా మేడ మీద, ఫ్యాను కూడా సరిగ్గా తిరగని గదిలో, రెండు వీసీఆర్లు ముందు పెట్టుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం భోజనం కింద కొట్టువాళ్ళు పంపిన సమోసాలే. మాటలు వినపడని చోట నేను హిందీలో వ్యాఖ్యానం చదివాను, అందులోనే మా తువ్వాలు సంగతి చెప్పాను. పిన్ని పాట వచ్చినప్పుడు, మధ్యలో ఆగిన ఖాళీని అతుకు తెలియకుండా కత్తిరించేద్దామా అని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపి, “బేటా, ఉస్ కో హాథ్ మత్ లగానా” అన్నారు. దాని మీద చెయ్యి వెయ్యొద్దన్నారు. ఒక మనిషి నిద్ర ఎంత ఖరీదో జనాన్ని కూడా చూడనీ అన్నారు. పొద్దున్న అరిచిన మనిషేనా అనిపించింది నాకు.

సాయంత్రం క్యాసెట్టు వేసి మీట నొక్కింది నేనే. కాబట్టి మా వీధిలో ఏం జరిగిందో నేను చూడలేదు, తర్వాత అమ్మ చెబితే విన్నదే. బాబాయి మధ్యాహ్నం హాయిగా నిద్ర లేచి, అన్నం తిని, గేటు మీద తువ్వాలు భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడట. ఆ సాయంత్రం ఇంకే ఇంట్లోనూ పడుకున్న వాళ్ళు లేరు. అందుకని పిన్ని పాట రాగానే ప్రతి ఇంట్లోనూ టీవీ శబ్దం పూర్తిగా పెంచేశారు. పొద్దున్న పక్క మనిషికి వినపడని పాట అప్పుడు వీధి చివరి దాకా ప్రతి కిటికీలోంచీ వచ్చింది. పిన్ని లోపల కూర్చోలేక గేటు దగ్గరికొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఈ గొంతు ఎవరిదో అన్నట్టు అటూ ఇటూ చూస్తూ నిలబడిందట. పంజాబీ ఆంటీ వచ్చి కౌగిలించుకుందట. నేను అలిసిపోయి ఇంటికి చేరేసరికి నాన్న వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. బి.ఎడ్. ఊసెత్తకుండా, మజ్జిగ తాగుతావా అని అడిగారు.

ఉద్యోగం నాకు నిలిచింది. కేబులు ఛానెలు మూతపడేదాకా అక్కడే పని చేశాను. కానీ నేను చెప్పాలనుకున్నది నా ఉద్యోగం గురించి కాదు. కొన్నాళ్ళ తర్వాత ఒక రోజు బాబాయి డ్యూటీ దిగి, హెల్మెట్టు చేత పట్టుకుని, ప్లాంటు బూట్లతో సుపేలా మేడ మెట్లెక్కి వచ్చాడు. వీధంతా విన్నారు, షాపులో తోటివాళ్ళు విన్నారు, నందిని సున్నపురాయి గనుల దగ్గర పని చేసే బావమరిది కూడా విన్నాడు, తాను మాత్రం వినలేదు, ఒకసారి వేసి చూపించమ్మా అని అడిగాడు. మా దగ్గర క్యాసెట్లు తక్కువ. ఒకసారి వేసిన దాని మీదే ఇంకోటి తీయడం అక్కడి రివాజు. పిన్ని పాట ఉన్న క్యాసెట్టు మీద అప్పటికే ఎవరిదో పెళ్ళి ఊరేగింపు ఎక్కింది. ఆ మాట చెబితే ఆయన కాసేపు హెల్మెట్టు అంచు నిమురుతూ నిలబడ్డాడు.

“ఎలాగ పాడినాదమ్మా?” అని అడిగాడు.

పాటను మాటల్లో ఎలా చెబుతాం? బాగా పాడింది బాబాయ్, చాలా బాగా పాడింది, ఇంటికెళ్ళి మళ్ళీ పాడమనండి అన్నాను.

“నానింట్లో ఉంటే పాడదమ్మా. అలవాటైపోనాది” అన్నాడు.

రిటైరయ్యాక వాళ్ళు క్వార్టరు ఖాళీ చేసి నెహ్రూ నగర్లో, మా అత్తవారింటికి రెండు సందుల అవతల చిన్న ఇల్లు తీసుకున్నారు. ఇక షిఫ్టులు లేవు, పగటి నిద్రలు లేవు, పిన్ని ఇంక రోజంతా పాడుకోవచ్చు అని నేను సంబరపడ్డాను. ఎక్కడ? నా మాట వినండి, ముప్పై ఏళ్ళ అలవాటు పెన్షను కాగితాలతో పోదు. ఆయన ఎదురుగా ఉంటే ఆవిడ గొంతు పెగిలేది కాదు. పాడమని అడిగితే సిగ్గుపడి వంటింట్లోకి పోయేది. బాబాయి కొన్నాళ్ళు చూసి, రోజూ పొద్దున్నే సంచీ పట్టుకుని కూరలకని బయల్దేరడం మొదలుపెట్టాడు. ఇద్దరు మనుషులకి రోజూ ఏం కూరలు అని నేను అనుకునేదాన్ని. ఒక పొద్దున్న నడకకి వెళ్తూ వాళ్ళింటి వెనక సందులోంచి వస్తుంటే, పెరటి గోడకి ఆనుకుని, ఖాళీ సంచీ చంకన పెట్టుకుని, తల వంచుకుని ఆయన నిలబడి ఉన్నాడు. గోడ లోపల పిన్ని అంట్లు తోముతూ పాడుతోంది. బాబాయి నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. నేను చెప్పులు చేతిలోకి తీసుకుని చప్పుడు కాకుండా దాటిపోయాను. అలా ఎన్నేళ్ళు నిలబడ్డాడో నాకు తెలియదు. ఎండాకాలం కూడా నిలబడేవాడు, అది మాత్రం తెలుసు.

బాబాయి పోయి రెండేళ్ళు దాటింది. మా పాత వీధికి మొన్న ఒక పని మీద వెళ్ళాను. సగం క్వార్టర్లలో ఎవరెవరో అద్దెకి ఉన్నారు, ఎవరు ఏ షిఫ్టుకి వెళ్తారో పక్కవాళ్ళకి తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. నైటు చేసి వచ్చినవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని తలుపులు బిగించుకుని పడుకుంటున్నారు. బయట డీజే పెట్టెలు మోగుతూనే ఉన్నాయి. ఎవరినీ తప్పు పట్టలేను. ఒకరి నిద్రని వీధంతా కలిసి కాయడమంటే ఎంత ఓపిక కావాలో మాకూ అప్పట్లో తెలియదు, పుట్టిన దగ్గర్నుంచీ ఉన్నది కాబట్టి ఊరికే చేసేవాళ్ళం. ఇప్పుడు పాట వినాలంటే గోడకి చెవి ఆనించక్కర్లేదు, ప్రతివాళ్ళ జేబులోనూ వంద గొంతులు. ఒక్క గొంతు కోసం ఎదురుచూడడం మాత్రం పోయింది.

నిన్న సాయంత్రం పిన్నిని చూడ్డానికి వెళ్ళాను. బాబాయి పోయాక ఆవిడ దగ్గరికొచ్చి ఉంటున్న కొడుకూ కోడలూ డ్యూటీల నుంచి ఇంకా రాలేదు, ఆవిడ పెరట్లో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఇప్పుడు లేపడానికి ఎవరున్నారు పిన్నీ, ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా పాడుకోవచ్చు కదా, ఒక్క పాట పాడు, నా ఫోనులో పట్టుకుంటాను అన్నాను. ఆవిడ చాటలోంచి తల ఎత్తలేదు.

“ఎవులి కోసమే? గోడవతల ఆయన లేడు గదా” అంది.

ఆ గోడ సంగతి ఆవిడకి నేను ఎన్నడూ చెప్పలేదు. బాబాయీ చెప్పి ఉండడు.